నడుమ జాగను ఎవరూ పంచుకోరాదు

బెల్లంపల్లి పట్టణ నివాసి, కీర్తిశేషులు గుండేటి రాజలింగం గారి పెద్ద కొడుకు, వయసు అరవై ఎనిమిది, వృత్తి మంచిర్యాల సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట చెట్టు కింద బల్ల వేసుకుని దస్తావేజులు రాయడం, గుండేటి సాంబయ్య అను నేను, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బెదిరింపూ బుజ్జగింపూ లేకుండా, స్వహస్తాలతో రాసుకున్న వీలునామా ఏమనగా:

పూర్తి తెలివిలో ఉన్నానన్న మాట మీద నా భార్య జమునకు అభ్యంతరం ఉంది. ముట్టుకోవడానికి రాని, అమ్ముకోవడానికి రాని ఆస్తికి వీలునామా రాసేవాడికి తెలివి ఉందని ఎవరంటారని ఆమె వాదన. ఆ అభ్యంతరాన్ని ఇందులో నమోదు చేసి, తోసిపుచ్చుతున్నాను. డాక్టరు గారు చెడిపోయింది గుండె అన్నారు గాని తల అనలేదు.

వచ్చే మంగళవారం హైదరాబాదులో నాకు గుండె ఆపరేషన్. ఇల్లు, ప్లాటు వగైరాలు వేరే వీలునామాలో రాసి రిజిస్ట్రీ కూడా చేయించాను. వాటి కోసం ఎవరూ ఈ కాగితం తిరగేయవద్దు. ఇది ఫోనులో ఉన్న మా లోకానికి సంబంధించినది. దిమ్మె మీద దిమ్మె పేర్చి ఇళ్లు, పొలాలు, కోటలు కట్టుకునే ఆట అది. లాక్‌డౌన్‌లో ఊరికే కూర్చుని అందరి మీదా అరుస్తున్నానని నా మనవరాలు హర్షిణి నాకు నేర్పింది. తరువాత ఆటలో కూర్చుని అరవడం మొదలుపెట్టాను. ఆ లోకానికి మా బాపు పేరు మీద రాజలింగం నగర్ అని పేరు. అందులో నివాసులం నలుగురం: నేను, హర్షిణి, నా తమ్ముడు హనుమంతు, ఆదిలాబాద్‌లో పత్తి వ్యాపారం చేసే నా వియ్యంకుడు గోపాల్.

ఇది చదివే వారికి ఫారం అంటే ఏమిటో తెలియాలి. మనిషి చేయి పెట్టకుండా దానంతటదే సరుకు తయారు చేసే ఏర్పాటును మేము ఫారం అంటాము. చెరకు ఎదగగానే కోసి పెట్టెలో వేసేది ఒకటి. గ్రామస్తులను భయపెడితే వారి కాపలాకు ఇనుప బొమ్మ పుడుతుంది, ఆ బొమ్మను కరిగించి ఇనుము తీసేది ఒకటి. దయ్యాలను ఎత్తు నుంచి కింద పడేసి వాటి దగ్గరున్నది లాక్కునేది ఇంకొకటి. అన్నిటికీ ఒకటే షరతు. ఎవరో ఒకరు దగ్గరలో ఉంటేనే ఫారం నడుస్తుంది. మనిషి దూరం వెళ్లాడా, చెరకు ఎంత ఎత్తున ఉందో అంత ఎత్తునే ఆగిపోయి, మళ్లీ మనిషి వచ్చేదాకా అట్లాగే ఉంటుంది.

1. పూర్వాపరాలు.

మొదట్లో ఫారాలన్నీ ఉమ్మడిగా ఉండేవి. ఎవని వాటా వానికి కావాలని హనుమంతు పట్టుబట్టాడు. అడిగింది దస్తావేజు లేఖరిని కనుక, నేను పద్ధతిగా భాగపంపకం చేశాను. నాలుగు దిక్కులకు నలుగురిని పంపి, చెక్కుబందీతో సహా కాగితం రాశాను. నా వాటాకు తూర్పున గోపాల్ గారి నిప్పు మడుగు, పడమర సముద్రం, ఉత్తరాన పేరు తెలియని కొండ, దక్షిణాన ఎవరివో గొర్రెలు. నలభై ఏళ్ల నా వృత్తిలో అంత శుభ్రమైన పంపకం ఇంకొకటి చేయలేదు.

మరునాటి నుంచి అందరి పెట్టెలూ ఖాళీ. ఎవరు ఎప్పుడు ఆటలోకి వచ్చినా తమ మూలకే వెళ్లి నిలబడుతున్నారు. మిగతా మూడు మూలల్లో మనిషి లేడు, ఫారం నడవదు. ఇది అర్థం కాక ఒకరిని ఒకరం దొంగలనుకున్నాము. తన పెట్టెకు తాళం లేదని గోపాల్ గారు, తన పెట్టెకు గౌరవం లేదని హనుమంతు అన్నారు. చివరకు కరీంనగర్ హాస్టలు నుంచి హర్షిణి ఫోను చేసి చెప్పిన మాటను ఇక్కడ యథాతథంగా దాఖలు చేస్తున్నాను: "తాతా, గీ లోకంల భూమికి కొదువ లేదు. మనుషులకే కొదువ."

ఇందులో తప్పు నాది కాదు, నా వృత్తిది. ఉన్నదాన్ని ముక్కలు చేసి హద్దులు రాయడమే దానికి తెలుసు.

2. షెడ్యూలు ఆస్తి, అనగా నడుమ జాగ.

పంపకం రద్దు చేసుకుని, అన్ని ఫారాలనూ ఒకే చోటు చుట్టూ మళ్లీ కట్టాము. ఆ నడుమ నలుగురు నిలబడేంత రాతి గద్దె ఉంది. ఒక్కరు అక్కడ నిలబడితే చుట్టూ అన్నీ నడుస్తాయి. దానికి తూర్పున చెరకు, పడమర గుమ్మడి. ఉత్తర దక్షిణాల్లో రెండు ఇనుము ఫారాలు. ఆ రెండింటినీ మరీ దగ్గరగా పెట్టరాదు. పెడితే ఈ ఫారం గ్రామస్తులు ఆ ఫారం మంచాలు తమవే అనుకుని పేచీ పెట్టుకుంటారు, రెండూ ఆగిపోతాయి. మరీ దూరం పెడితే ఎట్లాగూ ఆగుతాయి. ఆ కొలత కుదిరించడానికి మాకు ఒక వానాకాలం పట్టింది. దయ్యాల ఫారం మాత్రం గద్దెకు నిట్టనిలువున ఆకాశంలో ఉంటుంది. కింద కట్టినప్పుడు దయ్యాలు మా ఫారంలోకి రాక పక్కన చీకటి గుహల్లో కాపురం పెట్టాయి. ఎత్తుకు తీసుకుపోయాక వాటికి వేరే దారి లేకుండా పోయింది.

ఈ నడుమ జాగను నా వారసులు అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, దానం ఇవ్వరాదు, పంచుకోరాదు. దాని మీద గోడ కట్టరాదు.

3. నా కూతురు నవనీత బిడ్డ హర్షిణికి చెరకు ఫారం, అందులోని సరుకు సహా, సర్వహక్కులతో ఇస్తున్నాను. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆమెదే. మిగతా వారసులతో పోలిస్తే వయసులో చిన్నదే గాని, వారిలో పెద్దమనిషి ఆమె ఒక్కతే.

ఇది కాక ఆటలో నా మంచం పక్కన చిన్న పెట్టెలో ఒక రొట్టె ఉంది. నేను ఆటలోకి వచ్చిన మొదటి రోజు ఆకలితో చావబోతుంటే హర్షిణి ఇచ్చింది. నేను దాన్ని తినకుండా దాచుకుని, నిజంగానే ఆకలితో చచ్చి, మళ్లీ పుట్టి వచ్చి వెతుక్కుని తెచ్చుకున్నాను. ఆ రొట్టె ఆమెకే చెందుతుంది.

4. వియ్యంకుడు గోపాల్ గారికి గుమ్మడి ఫారం ఇస్తున్నాను. గుమ్మడికాయలకు త్వరగా నిప్పు అంటుకోదని హర్షిణి చెప్పినందున ఇస్తున్నాను.

కారణం అందరికీ తెలిసినదే. ఆగ్నేయంలో అగ్ని ఉండాలని చెప్పి ఆయన మా కట్టె ఇంటి ఆగ్నేయ మూలలో బకెట్టుతో నిప్పు తెచ్చి పోశారు. వద్దన్నాను. "కాహీ హోత్ నాహీ బావా, ఏం గాదు" అన్నారు. ఇల్లు, అటక, రెండు కోడిపుంజులు, గోడకు తగిలించిన నా సొంత చిత్రపటం కాలిపోయాయి. వాస్తు ప్రకారమే కాలిందని ఆయన ఇప్పటికీ అంటారు. ఆ బకెట్టు కూడా ఆయనకే ఇస్తున్నాను. రాతి కట్టడాల్లో మాత్రమే వాడవలెను.

5. నా భార్య జమునకు రెండు ఇనుము ఫారాలలోని సరుకులో సగం.

ఆమె ఈ ఆటను ఇటుకల భట్టీ అంటుంది. ఆమెకు ఇనుము ఎందుకని వారసులు అడగవచ్చు. నేను స్నానానికో, భోజనానికో లేచినప్పుడు ఫోను ఆరిపోతే నడుమ జాగలో మనిషి లేనట్టే. అందుకని ఆ ఫోను ఆమె ముందు పెట్టి వెళ్లేవాడిని. చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ, టీవీ చూసుకుంటూ, నన్ను తిట్టుకుంటూ, ఆమె మధ్యమధ్య వేలితో ఫోనును తట్టేది. లెక్క తీస్తే నాకంటే ఎక్కువ సేపు అక్కడ ఉన్నది ఆమే. కనుక ఆ ఇనుము నేను ఇస్తున్నది కాదు, ఆమె స్వార్జితం.

ఆటలో నాకొక పిల్లి ఉంది. ఎప్పుడూ నా మంచం ఎక్కి, నన్ను పక్కకు జరిపి పడుకుంటుంది. దానికి జమున అని పేరు పెట్టాను. చదివి వినిపించేవారు ఈ వాక్యాన్ని మెల్లగా చదవవలసినదిగా మనవి.

6. నా తమ్ముడు గుండేటి హనుమంతుకు.

ఈ షరతు రాయడానికి మూడు కాగితాలు చింపాను. మా బాపు పోయిన తరువాత బెల్లంపల్లిలోని ఇంటిని మేమిద్దరం నడుమ గోడ పెట్టి పంచుకున్నాము. పంపకంలో బోరు నా వైపు వచ్చింది. దాని మోటారు మీట వాడి వైపు వచ్చింది. నీళ్లు నా దగ్గర, కరెంటు వాడి దగ్గర. ముందు నేనే అడగాలని వాడు, ముందు వాడే అడగాలని నేను చూసి చూసి, చివరకు ఎవరి ట్యాంకరు వాళ్లం తెప్పించుకుంటున్నాము. ట్యాంకరు డ్రైవరు మా ఇద్దరినీ బాగా గౌరవిస్తాడు.

గోడ కట్టినప్పటి నుంచి మా మధ్య మాటలు లేవు. బజారులో ఎదురుపడితే వాడు మిర్చి బండి వైపు చూస్తాడు, నేను ఆకాశం వైపు చూస్తాను. ఆటలోకి మాత్రం హర్షిణి ఇద్దరినీ ఒకరికి తెలియకుండా ఒకరిని తెచ్చింది. తెలిశాక ఎవరమూ బయటికి పోలేదు. అక్కడ వాడు నాకు రాసే మాటలు వేరు. అన్నా జర తలుపు పెట్టు అంటాడు. అన్నా నువ్వు తిన్నవా అంటాడు. ఇనుప బొమ్మ కరిగినప్పుడు వాడి ఫోనులో వచ్చే చప్పుడు గోడ ఇవతల నాకు వినిపిస్తుంది. ఫోనులో పక్కపక్కనే నిలబడి ఉంటాము. ఇంట్లో గోడకు చెరో పక్క కూర్చుని ఉంటాము.

నాకు ఆపరేషన్ అని గల్లీ అంతటికీ తెలుసు. కూరగాయల ఆమె కూడా వచ్చి పలకరించి, పావుకిలో కాకరకాయలు ఊరికే ఇచ్చి పోయింది. గోడ అవతలి నుంచి ఎవరూ రాలేదు. నిన్న మాత్రం ఆటలో ఇనుము పెట్టె నిండిందని రాశాడు. నిండితే ఏం చేసుకోను.

హనుమంతూ, నీకు ఉత్తరం వైపు ఇనుము ఫారం, నడుమ జాగ మీద పెత్తనం ఇస్తున్నాను. నేను లేకపోతే రోజూ సాయంత్రం కాసేపు అక్కడ నువ్వు నిలబడాలి. గోపాల్ గారు నిలబడరు, ఆయనకు ఆ గద్దె దిక్కు నచ్చలేదు. హర్షిణికి పరీక్షలు. నువ్వు నిలబడకపోతే అన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. నువ్వంటే నాకు ప్రాణం. ఈ మాట గోడ లేచిన నాటి నుంచి ఎవరి ముందూ అనలేదు. వీలునామా కనుక, చదివే వేళకు నేను ఉండను కనుక రాస్తున్నాను.

7. నేను ఆపరేషన్ నుంచి ప్రాణాలతో తిరిగివస్తే ఎవరికీ ఏదీ చెందదు. ఈ లోపల నా పెట్టెలు తెరిచి చూసుకోరాదు. ఈ షరతు ముఖ్యంగా గోపాల్ గారిని ఉద్దేశించినది.

సంతకానికి ముందు చేర్చిన సంగతి.

దస్తావేజును సంతకానికి ముందు పైకి చదివి వినిపించడం మా ఆనవాయితీ. రాసుకున్నవాడే చదువుకుంటే చెల్లదని, నా పక్క బల్ల లేఖరి పరశురాములును పిలిపించాను. చెవులు వినపడని ముసలివాళ్లకు చదివి చదివి పరశురాములుది పెద్ద గొంతు. మా వాకిట్లో నిలబడి చదివాడు. పిల్లి వాక్యాన్ని అన్నిటికంటే గట్టిగా చదివాడు. జమున ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. పరశురాములు ఆరో షరతుకు వచ్చేసరికి గోడ అవతల బకెట్టు కింద పెట్టిన చప్పుడైంది. చదవడం పూర్తయ్యేసరికి హనుమంతు మా గుమ్మంలో ఉన్నాడు.

రెండో సాక్షిగా రావలసిన మొండయ్య ఇంకా రాలేదు. హనుమంతు నా వైపు చూడకుండా పరశురాములు చేతిలో కలం తీసుకున్నాడు. వాటా పొందేవాడు సాక్షి సంతకం చేయడం మంచిది కాదని, రేపు పేచీ వస్తుందని పరశురాములు ఆపబోయాడు. హనుమంతు వాడితో ఒకటే మాట అన్నాడు: "గట్లయితే నా వాటా కొట్టెయ్."

కొట్టివేయడానికి నా చేయి ఆడలేదు. అట్లాగే ఉంచి సంతకం చేస్తున్నాను. సాక్షి తన పేరు పక్కన ఏదో రాసుకుంటానన్నాడు. అభ్యంతరం లేదన్నాను.

తేదీ: 20 నవంబరు 2025
స్థలం: బెల్లంపల్లి, మా ఇంటి వాకిలి

వీలునామా కర్త సంతకం: గుండేటి సాంబయ్య

సాక్షులు:

ఒకటి. వేముల పరశురాములు, దస్తావేజు లేఖరి, మంచిర్యాల. చదివి వినిపించినది నేనే. పిల్లి సంగతి నాకు ముందుగా చెప్పలేదు.

రెండు. గుండేటి హనుమంతు, తండ్రి రాజలింగం, బెల్లంపల్లి. నాకు వాటా వద్దు, తెలిసే సంతకం పెడుతున్న. నడుమ జాగల నేను నిలబడను. మంగళారం అన్న ఎంబడి హైదరాబాద్ దవాఖానకు పోతున్న, ఆయన లేచేదాంక ఆడనే ఉంట. ఫారాలు బందైతె బందు కానియ్.