ఆదెమ్మక్క బాల్కనీ మీదుగా వైరు

ఏమండీ,

ఇంటర్నెట్ వైరు వేసే ఆయన మధ్యాహ్నం మళ్లీ వస్తాడు. ఈలోగా మీరు పై ఇంటికి వెళ్లి ఆదెమ్మక్కతో మాట్లాడి రండి. బనీను మీద వెళ్లకండి, చొక్కా వేసుకోండి.

గోడలో పైపు పనికిరాదట. ఉప్పుగాలికి లోపల తుప్పు పట్టి, ఎప్పటిదో ఫోను వైరును కరుచుకుని కూర్చుంది. ఆయన పొద్దున గంటసేపు కుస్తీ పట్టి, “ఇందులో చీమ కూడా దూరదు మేడమ్, పై వాళ్ల బాల్కనీ మీదుగా దించుకోవాల్సిందే” అని తేల్చేశాడు.

నేనే పైకి వెళ్లి అడిగాను. ఆవిడ నవ్వుతూనే, “నీ మీద నాకేం కోపం లేదమ్మా. నా చేపలు కంపు కొడతన్నాయని గ్రూపులో పెట్టినాడే ఆ మారాజు, ఆయన్నే వచ్చి అడగమను” అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఎండుచేపల వాసన చొక్కాలకు పడుతోందని అపార్ట్‌మెంట్ అందరికీ చాటొద్దని ఆరోజే మొత్తుకున్నాను. వింటేగా!

రేపు బిందుకు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. మన ఇంట్లో ఫోను సిగ్నల్ సంగతి మీకు తెలియంది కాదు. పోయినసారిలా పిల్ల మెట్ల మీద కూర్చుని మాట్లాడాల్సి వస్తే మాత్రం ఊరుకోను.

బస్సు టైమయింది. అన్నం, పులుసు పొయ్యి పక్కన పెట్టాను. తినే వెళ్లండి.

కామాక్షి

మొన్న ఆదివారం లొట్టలేసుకుంటూ రెండోసారి వడ్డించుకున్నారే, వంకాయ పులుసులో ఎండు నెత్తళ్లు, అవి ఆదెమ్మక్క బాల్కనీలో ఆరినవే. ఇవాళ్టివీ అవే.