దిగువ వంతెన దగ్గర

అన్నయ్యా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి మల్లట్ నుంచి రాస్తున్నాను. నా పొగరే నన్ను సముద్రంలోకి లాగిందని మాన్వి ఊరంతా చెబుతున్నావట. ఏం పొగరు? కొండల కింద ఆ ఒడ్డున మోకాలి లోతులో నిలబడ్డాను. వెనక్కి మళ్ళిన అల కాళ్ళ కింది ఇసుకతో సహా నన్ను లోపలికి లాక్కుపోయింది.

అప్పుడు నువ్వేం చేశావు? మన కాలువలో కొట్టుకుపోయేవాళ్ళని దిగువ వంతెన దగ్గర పట్టుకోవడానికి గట్టు వెంట పరుగెత్తినట్టు, ఒడ్డు వెంట పరుగెత్తి కొండ దగ్గర చేతులు చాచి నిలబడ్డావు. సముద్రం అటు తెచ్చిస్తుందా?

నేనూ కాలువలో లాగే ఎదురీదకుండా వెల్లకిలా తేలాను, ముందు నువ్వుంటావని. "తేలారు కాబట్టే దొరికారమ్మా" అన్నాడు నన్ను పడవలోకి లాగిన జాలరి. ఆ తేలడం నాకు నేర్పిందెవరు?

అలాంటిది, ఇక నీళ్ళలో దిగనని నా కూతురు శ్రావ్య చేత ఒట్టు వేయించుకుంటావా? ఎవరడిగారు నిన్ను? ఈ ఆదివారం దాన్ని కాలువలో దింపుతున్నాను. నాతో మాట్లాడకపోతే మానెయ్. దిగువ వంతెన దగ్గర మాత్రం నువ్వే నిలబడాలి.

నీ చెల్లెలు