అమ్మకు చదవొద్దన్న నాలుగు మాటలు

కాకినాడ, 18-9-2000

అమ్మకు హేమావతి రాసేది. హాస్టల్లో రూము ఇచ్చినారు. ఈడ నాలుగు దినాలుగా ఒకటే వాన. మన శెనక్కాయ సేను తడిసేంతన్నా పడిందా? నల్లమేక ఈనిందా? ఊరిమిండి నూరి పంపు, ఈడ పచ్చళ్లు, కూరలు నోటికి పోలేదు.

తిప్పేస్వామన్నా, ఊర్లో పోస్టు జాబులు పంచేటప్పుడు అమ్మకు చదివి చెప్పేది నువ్వే కదా. ఈ నాలుగు మాటలు మాత్రం చదవొద్దు. ఎవరికో ఒకరికి చెప్పాల. కౌన్సెలింగులో అనంతపురం సీటు అయిపోయిందని అమ్మతో అబద్ధం చెప్పినా. ఉండింది. నీళ్లుండే ఊరని నేనే ఈ కాలేజీ అడిగినా. ఇప్పుడు నోరు తెరిస్తే రూములో అమ్మాయిలు నా మాటకు నగుతారు. మాట్లాడి మూడు దినాలాయ.

ఇంక గట్టిగా చదువన్నా: అమ్మా, నాకు ఈడ బాగుండాది. నువ్వు వేళకు తిను.