ఎంగిలి చుక్క

తిరుపతి,
ఆదివారం.

అమ్మకు,

నమస్కారం పెట్టి నీ కూతురు సుధ రాసేది. ఈడ ముగ్గురమూ బాగుండాము. బాగుండాము అంటే జ్వరాలు లేవు, దగ్గులు లేవు, నిద్రా లేదు. జేజికి కాళ్ళ వాపు తగ్గిందా? నాయన మాత్రలు వేళకు వేసుకుంటా ఉండాడా, లేక నువ్వు పోయి చేతిలో పెట్టేదాకా కూచోనుంటాడా?

ఫోన్ ఉండగా ఉత్తరం ఏంది అనుకుంటావు. ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, మధ్యలో నాయన "ఏమంట, ఏమంట" అంటాడు. చెప్పాల్సింది మాత్రం ఎవరూ చెప్పము. అందుకే రాస్తా ఉండాను.

వచ్చే బేస్తవారం నువ్వూ నాయనా వచ్చి పిల్లోన్ని తీసుకపోతామన్నారు. ఒక ఏడాది మీ తావ పెరిగితే నేను నిమ్మళంగా పనికి పోవచ్చు అన్నావు. నేను సరే అన్నాను. ఎందుకు సరే అన్నానో ఆ పొద్దు నీకు చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను, కడదాకా చదివి అప్పుడు కోప్పడు.

ఈడ ఎండలు మండిపోతా ఉండాయి. పదకొండు గంటలకే కొళాయిలో నీళ్ళు కాగి వస్తాయి. మన వీధిలో అయితే ఎవరో ఒకరు వాకిట్లో కూచోని "ఏమే, తిన్నావా" అని అడుగుతారు. ఈ ఊరికి వచ్చి రెండేండ్లయినా నన్ను అట్ల అడిగినోళ్ళు లేరు. వీధి నిండా జనమే గానీ అందరూ కొండకు పోయేవాళ్ళు. మా ఇంటిని కూడా పక్కింటి లాడ్జే అనుకోని తలుపు కొట్టి "రూములుండాయా" అంటారు. అప్పుడే కన్ను మూసిన పిల్లోడు లేచి ఏడుపు ఎత్తుకుంటాడు. మొన్న ఒకాయన, నేను వాన్ని ఎత్తుకోని తలుపు తీస్తే, లోపలికి తొంగిచూసి "ఫ్యామిలీ రూమేనా అమ్మా" అన్నాడు.

ఇంక మీ అల్లుని సంగతి. పురుటి మైల అని పదిరోజులు గుడి వంటశాలలోకి అడుగు పెట్టకూడదు కదా. తండ్రైనోనికి ఇంకే ఉద్యోగంలోనూ అడక్కుండా ఇయ్యని సెలవు అది. గానీ ఆ పదిరోజులూ నువ్వుంటివి. ఆయన వాకిట్లో కుర్చీ వేసుకోని, వచ్చినోళ్ళకంతా కాఫీ ఇచ్చి, "మగపిల్లోడు" అని చెప్పి చెప్పి, ఒక్క గుడ్డ మడత పెట్టేది కూడా నేర్చుకోకుండా పనికి పోయినాడు. నువ్వు జేజికి బాగలేదని ఊరికి పోయినాక తెలిసొచ్చింది మా ఇద్దరికీ.

తెల్లారుజామున పోయి, పొద్దున ఎనిమిదిన్నరకు గుడి నుండి వస్తాడు. వచ్చీ రాగానే నాకు మిరియాల చారు పెట్టినాడు ఒకరోజు. ఆయనకు తెలిసిన కొలత, గుడిలో వందల మందికి వండే అండా కొలత ఒకటే. ఇంట్లో ఉండే అన్నిటికన్నా పెద్ద గిన్నె నిండింది. పై ఇంటి ఓనరమ్మకు, లాడ్జి వాచ్‌మన్‌కు, ఎదురింట్లో పూలు కట్టే ఆమెకు, అందరికీ ఆ పొద్దు బాలింత చారే. వాచ్‌మన్ అయితే మళ్ళా ఎప్పుడు పెడతారు అని అడిగినాడు.

ఓనరమ్మ మాటలు వింటే నీకు కూడా ఒళ్ళు మండుతాది. ఆయన ఒక్కరోజు మిద్దె మీద పిల్లోని గుడ్డలు ఆరేస్తే చూసి, "మొగోడు గుడ్డలు ఉతికేది ఈ కళ్ళతో చూస్తి గదమ్మా, పెట్టి పుట్టినావే నువ్వు" అనింది. తక్కిన ఆరు రోజులూ నేనే ఉతుకుతాను కదా, ఆ ఆరు రోజులూ ఆమె కళ్ళు యాడికి పోతాయో! ఆయనేమో దానికి మురిసిపోయి, "నీకు సాయం చేస్తా ఉండా గదా సుధా" అంటాడు. నాకు సాయం! పిల్లోన్ని నేనేమో పక్కింట్లో అడిగి తెచ్చుకున్నట్టు.

నిద్ర లేక ఆయన పని కూడా చెడతా ఉండాది. పోయిన వారం దద్ధ్యోదనంలో ఉప్పు రెండుసార్లు వేసినాడు. ఆడ ఎవరూ రుచి చూడరు. నైవేద్యానికి ముందర నాలిక్కి తగిలితే ఎంగిలి. వాసన కూడా పీల్చకూడదని ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు. కంటితో, ఆవిరితో, గరిటె బరువుతో తెలుసుకోవాల్సిందే. ఆ ఉప్పు నేరుగా దేవుని ముందరికి పోయి, ఆడనుండి క్యూలోకి పోయింది. ఆడి పెద్ద వంటస్వామి పిలిచి, "దేవుడు ఏమీ అనలేదప్పా, జనం అన్నారు. ఇంకొకసారి ఇట్లయితే గరిటె పక్కన పెట్టి గంగాళాలు తోముకో" అన్నాడంట. పాపం అనిపించింది గానీ, ఆ పొద్దు పాపం అనేదానికి కూడా నాకు ఓపిక లేదు.

ఇప్పుడు నీకు చెప్పనిది. నువ్వు పోయిన నాలుగో రోజు. సెలవు అయిపోతే నేను పనికి పోవాల కాబట్టి డబ్బా పాలు కొంచెం కొంచెం అలవాటు చెయ్యమనింది కదా డాక్టరమ్మ. ఆయన కలిపినాడు. "మణికట్టు మీద ఒక చుక్క వేసుకోని వేడి చూడండి" అని పదిసార్లు చెప్పినాను. చూసినా అన్నాడు. సీసా నోట్లో పెట్టినాడో లేదో పిల్లోడు ఊపిరి పట్టి ఒకటే ఏడుపు. పెదవి ఎర్రగా కందిపోయింది. ఎత్తుకోని డాక్టరమ్మ తావకు పరిగెత్తినాము. బొబ్బ లేదు, భయం లేదు అనింది. సాయంత్రానికి వానికి తగ్గిపోయింది. నాకు మాత్రం తగ్గలేదమ్మా.

"చూడకుండానే చూసినానని అబద్ధం చెప్తారా? ఆవిరి చూసి నైవేద్యం పెట్టేదానికి మీ కొడుకేమన్నా దేవుడా?" అని అరిచినాను. ఆయన చేతులు చూసుకుంటా కూచున్నాడు. మా కాలేజీ ల్యాబులో అడిగి థర్మామీటరు తెస్తాను అంటే మాత్రం, "పాలల్లో పాదరసం పెడతావా, వద్దే తల్లీ" అని దండం పెట్టినాడు. ఆ మర్నాడే నీ ఫోన్ వచ్చింది. అందుకే సరే అన్నాను. రోజంతా ఆయన చేతిలో పిల్లోన్ని పెట్టి ఏర్పేడులో పనికి బస్సెక్కేదానికి నాకు ధైర్యం లేకపోయింది.

నిన్న శనివారం కాలేజీకి పోయి మళ్ళా చేరేదానికి కాగితాలు ఇచ్చి రావాల్సి వచ్చింది. పిల్లోన్ని ఓనరమ్మకు ఇచ్చిపోతాను అన్నాను. "నా కొడుకును నేను చూసుకుంటా, పో" అన్నాడు. కాగితాలు సంచిలో పెట్టుకోని బయలుదేరినాను. బస్సులో కూచున్నంత సేపూ వాడు ఏడ్చినట్టే వినబడింది. ఆడ పని అరగంటలో అయిపోతే, బువ్వ కూడా తినకుండా వెనక్కి వచ్చేసినాను.

తలుపుకు ఒక అట్టముక్క వేలాడతా ఉండాది. ఆయన రాత: "ఇది లాడ్జి కాదు. రూములు లేవు. పిల్లోడు పడుకోనుండాడు." పిల్లోడేమో లోపల లంకించుకోని ఏడుస్తా ఉండాడు. నేను తలుపు తట్టకుండా కిటికీ తావ నిలబడినాను. తప్పే, కానీ చూడాలనిపించింది.

ఒక చేత్తో వాన్ని భుజాన వేసుకోని ఊపుతా, "ఉండు స్వామీ, ఉండు, అయిపాయె" అంటా ఉండాడు. పాలు కలిపినాడు. మణికట్టు మీద ఒక చుక్క వేసినాడు. చూసినాడు. మళ్ళా ఒక చుక్క. "దీనికి ఏమీ తెలియదు" అని ఆ చేతిని తిట్టినాడు. ఇంకొక చుక్క అరచేతిలో వేసుకోని, వెనక ఎవరన్నా నిలబడినారా అన్నట్టు ఇట్ల ఒకసారి చూసి, నాలికతో అందుకున్నాడు. "స్‌స్" అన్నాడు. సీసాను చల్లనీళ్ళ గిన్నెలో పెట్టినాడు, ఆగినాడు. మళ్ళా ఇంకొక చుక్క నాలిక మీద. అప్పుడు పట్టినాడు వానికి. గుటుక్ గుటుక్ అని తాగినాడు, గాడిద.

లోపలికి పోయి అడిగినాను. "ఆ పొద్దు నిజంగానే చూసినారా?"

"చూసినా సుధా. చల్లగానే తగిలింది."

"మరి చెప్పొచ్చు కదా!"

"ఏమని చెప్పేది? వంటవాడు, చెయ్యికి వేడి తెలియదు అని చెప్పుకోవాల్నా?"

ఆయన చేతులు పట్టి చూసినాను. పెండ్లయిన రెండేండ్లలో చూడక కాదు, ఇట్ల చూడలేదు. వేళ్ళ నుండి మణికట్టు దాకా పన్నెండేండ్ల ఆవిరికి ఉడికి ఉడికి తోలు మాదిరి అయిపోయినాయి. కాగిన అండా చెవులు పట్టి దించే చేతులకు ఒక పాలచుక్క ఎట్ల తెలుస్తాది? నేను కెమిస్ట్రీ చదివినదాన్ని, అబద్ధం అన్నాను గానీ ఆ చేతుల్ని ఒక్కసారి పట్టి చూడలేదు.

"వడ్డించకముందు రుచి చూసింది ఇదే మొదలు" అన్నాడు, ఏదో నేరం ఒప్పుకున్నట్టు.

"ఎట్లుండాది?"

"చప్పగా ఉండాది. ఎట్ల తాగుతాడో ఏమో."

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఎందుకంటే పొయ్యి మీద చూస్తే, ఆ ఒక్క సీసా పాలకు బిందెడు నీళ్ళు కాగతా ఉండాయి, గ్యాసంతా దానికే.

కాబట్టి అమ్మా, పిల్లోన్ని పంపను. వాడు ఈడనే ఉంటాడు. రేపటి నుండి ఎనిమిదిన్నరకు ఆయన వస్తాడు, తొమ్మిదికి నేను బస్సెక్కుతాను. సాయంత్రం నేను వచ్చినాక ఆయన పడుకుంటాడు. ఎట్లనో జరుగుతాది, జరక్కపోతే మళ్ళా నీకే రాస్తాను. నీ మీద కోపం కాదు. నువ్వు బాగా పెంచుతావని తెలుసు, నన్ను చూడు. బేస్తవారం మాత్రం తప్పకుండా రాండి, తీసుకపోయేదానికి కాదు. వచ్చేటప్పుడు నాకు పట్టిన వెండి ఉగ్గుగిన్నె, నాయన పాత పంచెలు నాలుగు, ఒక సేరు చెనిక్కాయలు తీసుకరా. పెదవి కందిన సంగతి నాయనకు చదివి వినిపించొద్దు. మీ అల్లుని ముందర ఉప్పు మాట ఎత్తొద్దు.

జేజి కాళ్ళకు నా బదులు నువ్వు దండం పెట్టు, వాపు ఉండే తావ మెల్లగా. నాయనకు నమస్కారం. మీ ముగ్గురి దీవెన పిల్లోనికి కావాల. నాకైతే రెండు గంటల నిద్ర దీవించండి, చాలు.

ఈ మాట రాస్తా ఉంటే ఆయన వెనక పాలు కలుపుతా ఉండాడు. ఇప్పుడే "స్‌స్" అన్నాడు. ఇంకా వేడిగానే ఉన్నట్టుండాయి.

ఇట్లు,
నీ కూతురు
సుధ