అక్క అరగదీసిన సబ్బు

తార్నాక,
ఆదివారం.

మహేశ్వరక్కకు తమ్ముడు పరశురాం నమస్కారాలు. ఇక్కడ అమ్మ, నేను, నీ మరదలు స్వరూప ముగ్గురం బాగానే ఉన్నాం. భివండిలో నువ్వు, బావ, పిల్లలు కూడా చల్లగా ఉన్నారనే నమ్మకంతో ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

నీ ఉత్తరం పోయిన నెలలోనే అందింది. జవాబు ఆలస్యమైనందుకు కోపం తెచ్చుకోకు. ముప్పై ఏళ్లు మరమగ్గాల మిల్లులో సాంచెల చప్పుడులో పనిచేసి నీ చెవులు పోయాక మనకు ఫోన్ మాటలు లేకుండా పోయాయి. వాట్సాప్‌లో రాద్దామంటే అది నీ కోడలి ఫోన్. ఏది పంపినా ముందు ఆ అమ్మాయి చూస్తుంది. ఈసారి రాసేది ముందు నువ్వొక్కదానివే చదవాలి. అందుకే కాగితం పట్టుకున్నాను.

మొదట నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. మూడో అంతస్తు నుంచి కిందికి దిగడం మానేసి ఏడాది దాటింది. నోరు మాత్రం బాగానే పనిచేస్తున్నది, రోజూ స్వరూపకు వంట నేర్పుతూనే ఉంటుంది. నా డ్యూటీ మారలేదు. యూనివర్సిటీలో లేడీస్ హాస్టల్ గేటు దగ్గరే. కుర్చీ, రిజిస్టరు, గోడ గడియారం, నేను.

ఇక మూడోది, సబ్బు సంగతి. అమ్మ వాడిన, బట్టలుతికే పొడుగు సబ్బు హైదరాబాదులో ఇంకా దొరుకుతున్నదా అని అడిగావు. అక్కడ ఏ దుకాణానికి పోయినా పొడి, లేకపోతే సీసాలో నీళ్ల సబ్బు ఇస్తున్నారని, వాటితో చేతికి గాజులు కూడా ఎక్కడం లేదని రాశావు. అది చదివి నవ్వుకున్నాను. తార్నాకలో నాలుగు దుకాణాలు తిరిగినా దొరకలేదు. చివరికి నల్లకుంటలో ఒక పాత కిరాణా దుకాణంలో, అడుగు అరలో కనబడింది. బట్టలకని దీన్ని ఎవరూ కొనడం లేదట, మెకానిక్‌లు చేతులకంటిన గ్రీజు వదిలించుకోవడానికి తీసుకుపోతారట. రెండు సబ్బులు కొన్నాను.

కాగితం విప్పి వాసన చూస్తే, అక్కా, హాస్టల్ మెస్సు వెనక మన ఒంటిగది కళ్ల ముందు నిలబడింది. నాన్న మెస్సులో వంట చేసేవాడు కాబట్టి మనకు ఆ గది ఇచ్చారు. పొద్దున లేస్తే పప్పు వాసన, మధ్యాహ్నం సబ్బు వాసన. సబ్బు తెచ్చిన రోజు అమ్మ దాన్ని పీట మీద పెట్టి, రెండు వేళ్లకు దారం చుట్టుకుని ఆరు ముక్కలుగా కోసేది. కొత్త సబ్బు మెత్తగా ఉండి తొందరగా కరిగిపోతుందని ఆ ముక్కలను కిటికీ గట్టు మీద వారం రోజులు ఆరబెట్టేది. కాకులు ఎత్తుకుపోకుండా కాపలా నాది. నేను మధ్యలో ఆటకు పోతే, నా బదులు నువ్వు పుస్తకం పట్టుకుని కూర్చునేదానివి.

మన ఇంట్లో ఆ సబ్బు చెయ్యని పని లేదనుకుంటాను. వానాకాలం తలుపు ఉబ్బి పట్టేస్తే అమ్మ అంచు పొడుగునా సబ్బు రుద్దేది. మర్నాటి నుంచి నేను కూడా ఒంటి చేత్తో మూసేవాణ్ని. కిరసనాయిలు స్టవ్వుకు సన్న చిల్లు పడితే తడి సబ్బు ముద్ద అదిమి ఎండాకాలమంతా నడిపింది. వాకిలి అలికే ముందు పది గోళ్లతోనూ సబ్బును గీకేది, పేడ గోళ్లలోకి పోదని. నాన్న దాని నురగతోనే గడ్డం గీసుకునేవాడు. గోనెసంచులు కుట్టేటప్పుడు దబ్బనాన్ని సబ్బులో గుచ్చి తీస్తే వెన్నలో దిగినట్టు దిగేది. నీ స్కూలు లంగా పొడుగు పెంచిన ప్రతిసారీ అమ్మ అరిగిపోయిన సబ్బు పెచ్చుతోనే కొత్త గీత గీసేది. బోనాలకు నీకు గాజులు తొడిగేటప్పుడైతే చెప్పనక్కర్లేదు. చేతినిండా నురగ పట్టించి ఆమె తోస్తుంటే నువ్వు కళ్లు మూసుకుని పళ్లు బిగబట్టేదానివి. నేను పక్కన కూర్చుని ఎన్ని పగిలాయో చెప్పేవాణ్ని. ఇప్పటికీ స్వరూప గ్యాసు బండ మార్చిందంటే చాలు, అమ్మ గోడ పట్టుకుని లేచి వస్తుంది. పైపు చుట్టూ నురగ పూసి, బుడగలు రావడం లేదని చూశాకే పొయ్యి ముట్టించనిస్తుంది.

రాయాలంటే ఇట్లాంటివి ఇంకా ఉన్నాయి. కానీ నా జవాబు ఆలస్యమైంది వీటివల్ల కాదు.

ఆ సబ్బులు కొన్న రోజు వాటిని సంచిలో వేసుకుని అట్నుంచి అటే డ్యూటీకి పోయాను. సాయంత్రం నాలుగింటికి స్నిగ్ధ అనే అమ్మాయి కుంటుకుంటూ గేటు లోపలికి వచ్చింది. సిద్దిపేట వైపు పల్లెటూరి పిల్ల, ఎం.ఏ. మొదటి సంవత్సరం. కాలికి చున్నీ చుట్టుకుంది. ఏమైందంటే ముల్లు గీరుకున్నదని చెప్పింది. ముల్లు గీరుకుంటే అంత రక్తం రాదు. గట్టిగా అడిగితే చున్నీ విప్పింది. పిక్క మీద కుక్క పళ్ల గాట్లు. క్యాంటీన్ వెనక కుక్క పిల్లలు పెట్టింది, ఈ అమ్మాయి అటు దగ్గరదారిన నడిచి వచ్చిందట.

దవాఖానకు పోదామంటే ఆమె రెండు చేతులు జోడించింది. "అంకుల్, ఎవ్వరికి చెప్పకుర్రి. పసుపు వెట్టుకుంట, తగ్గిపోతది. ఇంట్ల తెలిస్తే చదువు బంద్ చేయించి తీస్కపోతరు."

 సంచిలోంచి సబ్బు ఒకటి తీసి, ఆమెను నల్లా దగ్గర గట్టు మీద కూర్చోబెట్టాను. మొదట ఆమే రుద్దుకుంది, మంటకు తట్టుకోలేక ఆపేసింది. అప్పుడు నేనే తీసుకుని, గడియారం చూసుకుంటూ, ధార కింద పావుగంట సేపు కడిగాను. ఆమె ఏడుస్తున్నా చెయ్యి ఆపలేదు. కడిగితే సరిపోదు, సూదులు తప్పవని నచ్చజెప్పి ఆటోలో నల్లకుంట ఫీవర్ దవాఖానకు తీసుకుపోయాను. మనం కోరంటి దవాఖాన అనేవాళ్లం, అదే.

సూది వేసే ముందు డాక్టరమ్మ గాయం చూసి, ఎవరు కడిగారని అడిగింది. నేనే అన్నాను. "మంచిగ కడిగిన్రు. సగం పని మీరు ఆడ్నే చేసిన్రు" అన్నది.  బయటకు వచ్చి బల్ల మీద కూర్చున్నాను. స్నిగ్ధ వచ్చి, అంకుల్ కుక్క కరిసింది నన్నా మిమ్మల్నా అని అడిగేదాకా లేవలేదు.

అక్కా, ఇప్పుడు అసలు సంగతి. నలభై రెండేళ్ల కిందటి సంగతి.

నాకు ఎనిమిదేళ్లు. నీకు తొమ్మిదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. అమ్మ, నాన్న మెస్సులో ఉన్నారు. గడప దాటవద్దని నాకు చెప్పి నువ్వు చదువుకుంటున్నావు. నేను సగం రొట్టె జేబులో పెట్టుకుని, నీ వెనక నుంచి చప్పుడు లేకుండా పోయాను. కట్టెల కుప్ప వెనక ఉన్న కుక్కపిల్లను పట్టుకుని లాగాను. తల్లి వచ్చి నా పిక్క పట్టింది. ఏడుస్తూ ఇంటికి వచ్చిన నన్ను నువ్వు రెక్క పట్టుకుని నల్లా దగ్గరికి లాక్కుపోయావు. కుక్క కరిస్తే సబ్బుతో కడగాలని మీ టీచరమ్మ చెప్పిందట. నేను నిన్ను గిల్లాను, కొరికాను, నువ్వు వదల్లేదు. ఆరబెట్టిన కొత్త సబ్బు ముక్క, నీ చేతిలో చింతగింజంత అయ్యేదాకా రుద్దావు.

నాన్న, వెనకే అమ్మ వచ్చారు. ఎందుకు పోయినవురా అని నాన్న నా మీదికి చెయ్యెత్తాడు. నేను భయపడి, అక్క దుకాణానికి పంపింది అన్నాను. ఆ చెయ్యి నీ మీద పడింది. "నేను పంపలే నాయినా" అని ఒక్కసారే అన్నావు. నా మొహం చూశావు. నేను నేల చూశాను. 

నేను అబద్ధం ఆడానని నీకు ఆ రోజే తెలుసు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నువ్వు దాన్ని ఎత్తలేదు, నేనూ ఒప్పుకోలేదు. ఇప్పుడు నా చేత్తో రాస్తున్నాను. నువ్వు నన్ను పంపలేదు. నేను అబద్ధం చెప్పాను.

నీకు తెలియనిది ఇంకొకటి ఉంది. మొదటి రోజు నన్ను దవాఖానకు నాన్న తీసుకుపోయాడు కదా. అక్కడి పెద్ద డాక్టరు నా కాలు అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత బాగా కడిగింది ఎవరని అడిగాడు. నా బిడ్డ అన్నాడు నాన్న. ఎంత చదువుతున్నదని అడిగి, "తెలివిగల పిల్ల. బాగా చదివించు. ఒకసారి తీసుకురా, చూస్తాను" అన్నాడు. నేను ఈ చెవులతో విన్నాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాన్న కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు. తార్నాకలో దిగాక నా భుజం పట్టుకుని, "ఇంట్ల గీ మాట అనకురా. కొట్టినోన్ని, ఇప్పుడు ఏం మొకం వెట్టుకొని చెప్తా" అన్నాడు. ఆయన పోయేదాకా ఆ మాట ఆయన దగ్గరే ఉండిపోయింది. నా దగ్గరా ఉండిపోయింది.

నాన్నకు మెస్సులో సెలవు దొరకక, మిగిలిన పదమూడు రోజులూ నన్ను వీపున వేసుకుని నల్లకుంట దాకా నువ్వే తిప్పావు. బొడ్డు చుట్టూ సూది పడిన ప్రతిరోజూ నా నోట్లో బెల్లం ముక్క పెట్టావు. నీ పరీక్షలు ఆ రోజుల్లోనే వచ్చి పోయాయి. తమ్ముణ్ని కుక్కపాలు చేసిన పిల్లకు ఇంక చదువేందని అమ్మ అన్నది. డాక్టరు ఏమన్నాడో నేను ఒక్క మాట చెప్పి ఉంటే అమ్మ అలా అనేది కాదు. నాకు తెలుసు. మూడేళ్లకు నీ పెళ్లి చేసి భివండి పంపారు. నేను మాత్రం పది పాసై ఈ ఉద్యోగంలో కూర్చున్నాను.

స్నిగ్ధ తల్లికి దవాఖాన బయటి నుంచి నేనే ఫోన్ చేశాను. పిల్ల తప్పేమీ లేదు, చదువు మాన్పించవద్దు అన్నాను. ఆమె కొంతసేపు ఏడ్చింది. "చదువెందుకు మాన్పిస్త సారూ, దాన్కి బువ్వ తినవెట్టుర్రి" అన్నది. ఆ అమ్మాయి సూదులన్నీ సరిగ్గా వేయించుకుంటున్నది. నిన్న కూడా తరగతికి పోయింది.

పోయిన ఆదివారం అమ్మకు అంతా చెప్పేశాను. చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నది. చెప్పడం అయిపోయాక కూడా కాసేపు తీస్తూనే ఉన్నది. తర్వాత గిన్నె పక్కకు జరిపి, "అది నేను పంపలే అన్నది. మీ నాయిన కొట్టంగ నేను గాడ్నే ఉన్న. మల్ల ఒక్కపారి అడిగితే అయిపోతుండె. అడగకపోతి" అన్నది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ పూట అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని కూర్చుని ఉన్నది. "నన్ను మహేశ్వరి దగ్గరికి తీస్కపో" అన్నది. మెట్లు దిగలేవు కదా అంటే, "ఎత్తుకపో. అది నిన్ను ఎత్తుకపోలేదా" అన్నది.

ఈ బుధవారం కాక పై బుధవారం సికింద్రాబాదులో రైలెక్కుతున్నాం. గురువారం పొద్దున కల్యాణ్‌లో దిగి, ఆటోలో మీ ఇంటికి వస్తాం. ఈ ఉత్తరం అంతకంటే రెండు రోజులు ముందే నీ చేతికి అందాలని స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. చదివి బావకు చూపించాలో వద్దో నీ ఇష్టం. నన్ను క్షమించమని అడగడానికి రావడం లేదు, అది అడిగే వయసు ఎప్పుడో దాటిపోయింది. డాక్టరు అన్న మాట నీ ఇంట్లో అందరి ముందూ చెప్పాలి, అంతే.

తలుపు తీసినప్పుడు నాతో మాట్లాడబుద్ధి కాకపోతే మాట్లాడకు. అమ్మను లోపలికి తీసుకుపో. నువ్వు పిలిచేదాకా నేను మెట్ల మీద కూర్చుంటాను.

ఇట్లు,
నీ వీపు మీద పెరిగిన తమ్ముడు,
పరశురాం