రుచి చూడని సాంబారు

కార్తీక సోమవారం, రాత్రి

బడి వంటింట్లో వడ్డించే ముందు రుచి చూసి పుస్తకంలో సంతకం పెట్టాల్సింది నేను. ఈరోజు ఉపవాసం కదా అని సాంబారు నోట్లో వేసుకోకుండానే సంతకం పెట్టేశాను. నాతో వండే మేరీని చూడమన్నా సరిపోయేది. తోచలేదు.

రెండు ముద్దలు తినగానే పిల్లలు "సబ్బు వాసనొస్తుంది ఆంటీ" అన్నారు. ఒక పాప వాంతి చేసుకుంది, సాయంత్రానికి తేరుకుంది. గిన్నెలు తోమేది మేరీ. హెడ్‌మాస్టరు గారు పుస్తకం తెరిచి నా సంతకం చూపించి, "ఆవిడ చూసినప్పుడు బానే ఉందిగా. తర్వాత నువ్వేం కలిపావమ్మా?" అని ఆమెను అడిగారు. రేపటి నుంచి రావద్దన్నారు.

నేను పక్కనే ఉండి నోరు విప్పలేదు.

మేరీ సంచి తీసుకుని వెళ్తూ, "పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదుగా అక్కా, ఇంటికెళ్ళి ఏమన్నా తినండి" అంది. అంటే నేను రుచి చూడలేదని ఆమెకు తెలుసు. తెలిసీ ఆయనతో అనలేదు.

సాయంత్రం కృష్ణలో దీపం వదిలాను గానీ, క్షమించమని అడగాల్సింది అక్కడ కాదు. రేపు ప్రార్థన బెల్లుకు ముందే ఆయన గదికి వెళ్ళి చెప్పాలి. చెబితే నా పని పోతుంది. గుమ్మం దాకా వెళ్ళి, నమస్కారం పెట్టి వెనక్కి వచ్చేస్తానేమోనని భయంగా ఉంది.