సునీల్ గిటార్‌లో గుయ్‌మనే చప్పుడు

జూన్ 8, ఆదివారం
ఆరాధన అయ్యాక కెజియా చేతికి సునీల్ గిటార్ ఇచ్చాను. నా కొడుకు వాయించడం నేర్పిన పిల్ల. ఇరవై రెండున వాడి జ్ఞాపకార్థ కూడిక. ఏడాది అయిపోయింది... వాడి పాట వాడి గిటార్ మీదే మోగాలని నా కోరిక. వైరు తగిలించగానే గుయ్‌మంది. లోపల కందిరీగలు దూరినట్టు. కెజియా అదిరిపడి చెయ్యి తీసేసింది. చప్పుడు ఇంకా పెద్దదైంది.

సౌండుసెట్ రత్నం అందరి ముందూ అన్నాడు - "చూశావా అక్కా, నేను ఏడాది నుంచి చెప్తున్నది ఇదే. లోపం గిటార్‌లో ఉంది. ఆ రోజు షాకు కొట్టింది కూడా ఇదే."

నా కొడుకును చంపింది నా కొడుకు గిటారేనట. ఒళ్ళు మండిపోతోంది.

జూన్ 9, సోమవారం
వాడి చిన్న స్పీకరు పెట్టె దించి దుమ్ము తుడిచాను. ఇంట్లో ప్లగ్గులో పెట్టి గిటార్ తగిలించాను. వాయించడం నాకేం వచ్చు. బొటనవేలితో ఒక తీగ లాగాను. మోగింది, ఆగింది. గుయ్ లేదు. పెట్టెకు చెవి ఆనించి విన్నాను. లేదు.

"ఎందుకే ఇప్పుడు అది తీశావు?" అన్నాడు మా ఆయన.

"విను. ఏమన్నా మోగుతోందా?"

వినకుండానే బయటికి వెళ్ళిపోయాడు.

జూన్ 10
రొయ్యల షెడ్డులో మిషను తిరుగుతుంటే అదే చప్పుడు. పొట్టు తీస్తూ తీస్తూ వేలు కోసుకున్నాను.

జూన్ 12, గురువారం
గిటార్ దుప్పట్లో చుట్టి బందరు బస్సెక్కాను. కండక్టరు - "ఏంటి పిన్నిగారూ, కచేరీకా?" టిక్కెట్టు ఇవ్వు నాయనా, చాలు.

రిపేరు కొట్టు మస్తాన్ గారు మూత విప్పి బ్యాటరీ చూశాడు, ప్లగ్గు చూశాడు, లోపలి వైర్లన్నీ లాగి చూశాడు. తన పెట్టెకు తగిలించాడు. నిశ్శబ్దం.

"గిటార్ బంగారంలా ఉందమ్మా. హాల్లో తీగల మీద చెయ్యి పెడితే చప్పుడు తగ్గిందా, తీస్తే పెరిగిందా?"

"తీస్తే పెరిగింది."

"అయితే అక్కడ ఎర్త్ లేదు. ఈ తీగలు కూడా ఎర్త్ వైరుకే కలిసుంటాయి. కరెంటు నేలలోకి పోవడానికి దారి లేకపోతే మనిషిలోంచే పోతుంది."

ఎర్త్ అంటే నాకు తెలుసు. ఇంటి వెనక గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి సునీలే కట్టాడు. ఎండాకాలమంతా "అమ్మా, గోతిలో నీళ్ళు పోశావా" అని నా వెంట పడేవాడు. ఇప్పటికీ పోస్తూనే ఉన్నాను. అందుకే మా ఇంట్లో గుయ్‌మనలేదు.

"ఈ మాట మీరొచ్చి మా పాస్టరు అయ్యగారితో చెప్పండి" అన్నాను. మస్తాన్ గారు మూత బిగించుకుంటూ - "రత్నం వస్తువులన్నీ నా దగ్గరికే వస్తాయమ్మా... నా పేరు మాత్రం ఎత్తకండి."

నిజం కూడా గుసగుసగానే చెప్పాలా!

జూన్ 14, శనివారం
పాటల ప్రాక్టీసు. స్టేజి తెర వెనక్కి వెళ్ళి చూశాను. సౌండు పెట్టెకు ప్లగ్గే లేదు. రెండు వైర్లు కొసలు వలిచి సాకెట్టు బొక్కల్లో దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చారు. మూడోది, ఎర్త్‌కు పోయే ఆకుపచ్చది, వెనక్కి మడిచి టేపు చుట్టేశారు.

"ప్లగ్గు పట్టట్లేదక్కా, కోసేశా. ఏ ఊళ్ళో చూసినా ఇంతేగా" అన్నాడు రత్నం.

"ఆ రోజు కూడా ఇంతేనా రత్నం?"

మైకు సరిచేసే వంకతో అటు తిరిగాడు. అది చాలు నాకు.

నేల అప్పుడే తుడిచారు, తడి. కెజియా వట్టి కాళ్ళతో నిలబడింది. అందరూ అంతే, చెప్పులు గుమ్మం బయటే. ఆ రోజు వాడూ అలాగే విప్పి వెళ్ళాడు. వేళ్ళు తీగల మీద... పాట ఎత్తుకోవడానికి నోరు మైకు దగ్గరికి...

జూన్ 15, ఆదివారం
పాస్టరు గారితో చెప్పాను. "దేవుని చిత్తం అమ్మా. పెద్ద కూడిక ముందు గొడవెందుకు? అయ్యాక చూద్దాం. రత్నం కూడా మన బిడ్డేగా."

"ఆకుపచ్చ వైరుకు టేపు చుట్టింది దేవుడా అయ్యగారూ?"

వెనక బల్లల మీద వాళ్ళు తలలు దించుకున్నారు. నేను దించుకోలేదు.

జూన్ 17
మా ఆయన - "మనం ఈ ఊళ్ళో బతకాలి కదే."
వాడు బతకాల్సినవాడు కాదా?

జూన్ 19, గురువారం
కెజియా వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ మొహం ముడుచుకుంది. "ఏడాది నుంచి ఆ పెట్టెతోనే పాడుతున్నాం వదినా. ఎవరికేమైంది?" అని, నాలుక కరుచుకుంది.

"వైరు లేకుండా వాయించవే" అన్నాను పిల్లతో.

"డ్రమ్స్‌లో వినపడదత్తా. అన్న పాట... అందరికీ వినపడాలిగా."

వినపడాలనే నాకూ ఉంది. అదే నా బాధ.

జూన్ 21, శనివారం
హాలుకు వెళ్ళి సాకెట్టులో అగ్గిపుల్లలు పీకేసి రత్నం చేతిలో పెట్టాను. "ఎన్నిసార్లు పీకినా మళ్ళీ పెడతా అక్కా. నువ్వు కొడుకు పోయిన మనిషివి, ఏమనలేం" అన్నాడు.

జాలి పడుతున్నాడు నా మీద! గుచ్చినవాడు!

జూన్ 22, ఆదివారం
తెల్లారింది. వాన పడి వెలిసింది. అందరూ తడి కాళ్ళతోనే వస్తారు.

సునీల్ రబ్బరు చెప్పులు బయటికి తీశాను. ఆ రోజు హాలు గుమ్మం దగ్గరే ఉండిపోతే ఎవరో తెచ్చి ఇచ్చారు. కడగలేదు ఇన్నాళ్ళూ. ఇప్పుడు కడిగాను... వాడి పాదం అచ్చు రబ్బరు మీద అలాగే ఉంది.

ముందు వెళ్ళి సాకెట్టుకు అడ్డంగా నిలబడతాను. నన్ను పక్కకు లాగేస్తే, కరెంటు కాళ్ళలోంచి నేలకు పోకుండా ఈ రబ్బరు చెప్పులు కెజియా కాళ్ళకు తొడుగుతాను, స్టేజి మీదే, అందరూ చూస్తుండగా. నావి కూడా గుమ్మం దగ్గర విప్పను. చెప్పులతో లోపలికా అని అరుస్తారు. అరవనీ.

మా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. నా చేతిలో చెప్పులు చూశాడు. తన చెప్పులు వేసుకుంటున్నాడు... వాటిని అక్కడ విప్పుతాడో, విప్పడో.

మొదటి గంట కొట్టారు.